బాలానగర్ షెడ్డు: అద్దెదారుకు ఆరు నెలల నోటీసు హక్కు ఉందా?

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లో 2009 నుంచి ఒక షెడ్డు అద్దెకు తీసుకుని ప్రెస్ టూల్స్, లేత్ జాబ్ వర్క్ చేస్తున్నాను. నా దగ్గర 14 మంది పనిచేస్తున్నారు. 2013లో వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదేళ్లకు ఒప్పందం రాసుకున్నాం కానీ రిజిస్టర్ చేయించలేదు. గడువు ముగిశాక కూడా యజమాని అద్దె తీసుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు నెలకు 62,000 రూపాయలు. సగం బ్యాంకు ద్వారా, సగం నగదు. అడ్వాన్సు 6 లక్షలు. హిల్ట్ పాలసీ (హైదరాబాద్ పారిశ్రామిక భూములను ఇతర వినియోగాలకు మార్చుకోనిచ్చే ప్రభుత్వ విధానం) కింద స్థలాన్ని బహుళ వినియోగ జోన్‌లోకి మార్చి అపార్టుమెంట్లు కడతానని, 15 రోజుల్లో ఖాళీ చేయమని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపారు. నా జీవితమంతా ఈ షెడ్డుకే ధారపోశాను. కార్ఖానాకు ఆరు నెలల నోటీసు ఇవ్వాలి కదా? అసోసియేషన్‌తో కలిసి హైకోర్టుకు వెళ్తే ఫలితం ఉంటుందా? యజమానితో ఆస్తి తగాదా ఉన్న ఆయన అన్నగారు 2012 తేదీ వేసి ఇరవై ఏళ్ల లీజు రాసిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: మీరు రాసిన మూడు పేజీల ఉత్తరంలో కేసును తేల్చే విషయం ఒక్క వాక్యంలో ఉంది, దాన్ని మీరు మాటవరసగా రాసి వదిలేశారు: ఒప్పందం రిజిస్టర్ కాలేదు. పాలసీ మంచిదా చెడ్డదా, మీరు ఎన్నేళ్లు కష్టపడ్డారు అన్న ప్రశ్నలు ఖాళీ చేయించే దావాలో న్యాయమూర్తి ముందుకు రావు. స్థల వినియోగం మారినంత మాత్రాన అద్దెదారు హక్కు పోదు, కొత్తగా రాదు కూడా.

ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం తయారీ అవసరాలకిచ్చిన లీజును, వేరే ఒప్పందం లేనప్పుడు, ఏడాదికేడాది సాగే లీజుగా భావించి ఆరు నెలల నోటీసు ఇవ్వాలన్న మాట నిజమే. కానీ ఏడాదికేడాది సాగే లీజును రిజిస్టరు పత్రం ద్వారానే సృష్టించాలని 107వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండింటినీ కలిపి చదివిన సుప్రీంకోర్టు, రిజిస్టరు పత్రం లేని కార్ఖానా అద్దెదారు ఆరు నెలల నోటీసు కోరలేడని, అతని అద్దె నెలనెలా సాగేదేనని, 15 రోజుల నోటీసు చాలునని సమీర్ ముఖర్జీ కేసులో 2001లోనే తేల్చింది. గడువు తర్వాత కూడా అద్దె తీసుకోవడం వల్ల మీకు దక్కింది ఆ నెలవారీ హోదా మాత్రమే. నోటీసులో ఒకటి రెండు రోజులు తగ్గాయని పోట్లాడే దారిని కూడా 106వ సెక్షన్‌కు చేసిన 2002 సవరణ దాదాపు మూసేసింది. హైదరాబాద్‌లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెకు రెంట్ కంట్రోల్ చట్టం రక్షణ లేదు కనుక ఆ తలుపు కూడా మీకు తెరుచుకోదు. పదేళ్ల లీజుకు రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకుని, నెలనెలా వేల రూపాయలు రసీదు లేకుండా చేతికిచ్చిన వ్యాపారి ఇప్పుడు సాక్ష్యం ఎక్కడిదని అడిగితే ఏం చెప్పాలి?

అన్నగారి పత్రాన్ని ముట్టుకోకండి. అసలు వ్యక్తే సంతకం చేసినా, మోసగించే ఉద్దేశంతో పాత తేదీ వేయడం ఫోర్జరీయేనని చట్టం ఉదాహరణతో సహా చెబుతోంది. లీజు పత్రం విలువైన పత్రాల కోవలోకి వస్తుంది కాబట్టి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల వరకు, ఇంకా పైన యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. స్టాంపు ఎవరి పేర ఏ రోజు అమ్మారో విక్రేత రిజిస్టరులో ఉంటుంది. ఇంత ప్రమాదానికి ఒడిగట్టినా లాభం సున్నా: పత్రాన్ని రాసిన నాటి నుంచి నాలుగు నెలల్లో, జరిమానాతో మరో నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. 2012 తేదీ పత్రం ఆ గడువు ఎప్పుడో దాటింది, రిజిస్టరు కాని ఇరవై ఏళ్ల లీజును కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు. అన్నదమ్ముల తగాదాలో మిమ్మల్ని పావుగా వాడుకుంటున్నారని నా అనుమానం.

హిల్ట్ పాలసీ మీద ప్రజా ప్రయోజన వ్యాజ్యాలు ఇప్పటికే హైకోర్టుకు వెళ్లాయి. అసోసియేషన్ తరఫున సంతకం పెట్టాలనుకుంటే పెట్టండి. యజమాని సివిల్ కోర్టులో వేసే దావా దానివల్ల ఆగుతుందని మాత్రం నమ్మకండి. ఆ అర్జీలో యజమానికి స్థలంపై హక్కే లేదన్న మాట మీ పేరుతో రాయనివ్వకండి. యజమాని హక్కును కాదన్న అద్దెదారు తన లీజు రద్దుకు తానే కారణం చూపినవాడవుతాడు.

మీకు బలం లేదని కాదు. కోర్టు డిక్రీ లేకుండా మిమ్మల్ని బలవంతంగా వెళ్లగొట్టే హక్కు యజమానికి లేదు. తాళం వేసినా, మనుషుల్ని పంపినా నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి పొందవచ్చు, అయితే ఆ దావా ఆరు నెలల్లోపే వేయాలి. ఏడో నెలలో వస్తే నేను చేయగలిగింది కొంచెమే. ఈ వారమే కేవియట్ (మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందుగా ఇచ్చే అర్జీ) వేయండి. అది 90 రోజులే పనిచేస్తుంది కనుక తేదీ రాసిపెట్టుకోండి. ఇకపై అద్దె మొత్తం బ్యాంకు ద్వారానే పంపండి, నిరాకరిస్తే మనీ ఆర్డర్ చేసి తిరిగి వచ్చిన కూపన్ దాచండి. కరెంటు బిల్లులు, జీఎస్‌టీ రిటర్నులు, అడ్వాన్సు ఇచ్చినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు ఒక ఫైల్లో పెట్టండి.

యంత్రాల సంగతి ఇంకా ముఖ్యం. పునాదికి బిగించిన పవర్ ప్రెస్సులనైనా సరే, స్థలాన్ని మీరు తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించే షరతు మీద, తీసుకెళ్లే హక్కు 108వ సెక్షన్ ఇస్తోంది. అది మీరు స్వాధీనంలో ఉన్నంత కాలమే. తాళం చెవి ఇచ్చేశాక అడిగితే కుదరదు. షెడ్డు పోయిందన్న కారణం చూపి యూనిట్ మూసేస్తే కార్మికులకు ఇవ్వాల్సిన పరిహారం తగ్గదని కూడా గుర్తుంచుకోండి.

బేరం చేయడానికి మీకు ఇది మంచి సమయం. జోన్ మార్పు కోసం యజమాని రోడ్డు వెడల్పును బట్టి సబ్ రిజిస్ట్రార్ విలువలో (రిజిస్ట్రేషన్లకు ప్రభుత్వం లెక్కగట్టే భూమి విలువలో) 30 లేదా 50 శాతం రుసుము కట్టాలి. అంత డబ్బు పెట్టేవారికి రెండు మూడేళ్ల దావా కన్నా ఎనిమిది నెలల గడువు ఇవ్వడం చవక. నోటీసుకు 15 రోజులు గడవకముందే న్యాయవాది ద్వారా జవాబు పంపి, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు చేయండి. ఖాళీ చేసే తేదీ, తాళం అప్పగించే రోజే అడ్వాన్సు చెల్లింపు, యంత్రాల తరలింపు ఖర్చు, అప్పటివరకు కరెంటు కోయకూడదన్న షరతు అందులో రాయించండి. అక్కడ వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. విడిగా తెల్లకాగితం మీద రాసుకోమని యజమాని అంటే ఒప్పుకోకండి; మొదటిసారి చేసిన పని మళ్లీ చేసినట్టే అవుతుంది.