ఆసుపత్రి మానేసి సొంతంగా డైట్ ప్రాక్టీస్ పెడితే కేసు వేస్తారా?

ప్రశ్న: నేను క్లినికల్ డైటీషియన్‌ని. ఆరేళ్లుగా ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేస్తున్నాను. మానేసి సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకుందామనుకుంటే, అపాయింట్‌మెంట్ లెటర్‌లో 'మానేశాక రెండేళ్ల వరకు 10 కిలోమీటర్ల లోపు ఇలాంటి ప్రాక్టీస్ పెట్టకూడదు, పెడితే 5 లక్షలు కట్టాలి' అని ఉంది. హెచ్‌ఆర్ వాళ్లు ఈ మాటే పదే పదే అంటున్నారు, నాకు నిద్ర పట్టడం లేదు. లైసెన్సులు ఏమైనా కావాలా? అన్నట్టు, నా పేషెంట్లు 400 మంది నంబర్లు, డైట్ చార్టులు నా ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ ఫైల్‌లో ఉన్నాయి, మానేశాక వాళ్లందరికీ మెసేజ్ పెడతాను, అందులో ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: అమ్మా, మీకు నిద్ర లేకుండా చేస్తున్న ఆ క్లాజు సంగతి అలా ఉంచితే, మీరు చివర్లో 'అన్నట్టు' అని రాసిన ఎక్సెల్ ఫైలే నన్ను కంగారు పెట్టింది. దాని గురించి వివరంగా చెబుతాను, ముందు మీ భయం తీరుద్దాం.

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో సెక్షన్ 27 ఏం చెబుతుందంటే, ఒక మనిషిని చట్టబద్ధమైన వృత్తి గానీ వ్యాపారం గానీ చేసుకోనివ్వకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. దీనికి చట్టంలోనే ఉన్న మినహాయింపు, వ్యాపారాన్ని దాని గుడ్‌విల్‌తో (అంటే సంపాదించుకున్న మంచి పేరుతో) సహా అమ్మేసినవాళ్లకు వర్తించేది, మీకు సంబంధం లేదు. రెండేళ్లే కదా, 10 కిలోమీటర్లే కదా, ఇది న్యాయంగానే ఉంది కదా అని హెచ్‌ఆర్ వాళ్లు వాదించవచ్చు, కానీ ఒప్పందం ముగిసిపోయాక కూడా మనిషిని కట్టిపడేసే షరతు విషయంలో మన కోర్టులు ఆ లెక్క చూడవు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అసలు షరతే చెల్లనప్పుడు, దాన్ని దాటితే కట్టాలన్న 5 లక్షలు కూడా నిలవవు. అలాగని లీగల్ నోటీసు వస్తే పక్కన పడేయకండి, గడువు లోపల లాయరుతో జవాబు ఇప్పించండి, కోర్టు నుంచి సమన్లు వస్తే తప్పకుండా హాజరు కావాలి.

ఇదంతా మానేశాక మాట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు మాత్రం బయట ప్రాక్టీస్ చేయకూడదన్న షరతు చెల్లుతుంది, సుప్రీంకోర్టు 1967లోనే ఆ మాట చెప్పింది. కాబట్టి రాజీనామా ఇచ్చాను కదా, ఇక నోటీసు పీరియడే కదా అని సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ఇద్దరు ముగ్గుర్ని చూసి ఫీజు తీసుకోవడం వద్దు. రిలీవ్ అయ్యే రోజు దాకా ఆగండి. ఇంకోటి, ట్రైనింగ్ బాండ్ లాంటిదేమైనా రాసిచ్చారేమో లెటర్ మళ్లీ చదవండి. మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది, అంటే అన్ని షరతులూ చెల్లవనుకోకూడదు. మీకు ఆరేళ్లు దాటాయి కాబట్టి అలాంటిది ఉన్నా గడువు అయిపోయే ఉంటుంది.

ఇప్పుడు ఆ ఫైలు. ల్యాప్‌టాప్ మీదే కావచ్చు, రాత్రుళ్లు కూర్చుని టైప్ చేసింది మీరే కావచ్చు, అయినా ఆ వివరాలు ఆసుపత్రి పని మీద సేకరించినవి. ఆసుపత్రి డేటాను అనుమతి లేకుండా కాపీ చేసుకుంటే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద నష్టపరిహారం అడగవచ్చు, దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు శిక్షకు అవకాశం ఉంది. దీనికి తోడు 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఇక్కడ సెక్షన్ 27 మిమ్మల్ని కాపాడదు. వృత్తి చేసుకోవడం మీ హక్కు, ఆసుపత్రి రికార్డులు తీసుకెళ్లడం ఆ హక్కులో భాగం కాదు.

చట్టం సంగతి ఒక్క క్షణం పక్కన పెట్టి పేషెంటు వైపు నుంచి చూడండి. తన షుగర్ రీడింగులు, థైరాయిడ్, గర్భం నిలవకపోవడం, ఇవన్నీ ఆమె ఆసుపత్రిని నమ్మి చెప్పుకుంది. నా దగ్గరకు వచ్చిన ఒక ఫిజియోథెరపిస్ట్ మీలాగే లిస్టు తీసుకుని 'నేను ఇక అక్కడ లేను, అక్కడికన్నా తక్కువ ఫీజుకే చూస్తాను' అని అందరికీ ఒకేసారి మెసేజ్ పెట్టాడు. పాత పేషెంటు ఒకాయన 'నా నంబర్ ఇతనికి ఎవరిచ్చారు' అని దాన్ని ఆసుపత్రికే ఫార్వర్డ్ చేశాడు. వచ్చిన నోటీసులో మొదటి పేజీ ఆ స్క్రీన్‌షాటే. పోటీ ప్రాక్టీస్ పెట్టాడన్న వాదన నిలవలేదు గానీ, ఈ లిస్టు విషయంలో రాజీకి రావాల్సి వచ్చింది.

అలాగని పాత పేషెంట్లు మీ దగ్గరకు రాకూడదని కాదు. మీ పేరు వెతుక్కుంటూ వాళ్లంతట వాళ్లు వస్తే ఎవరూ ఆపలేరు. తమ రిపోర్టులు ఆసుపత్రి నుంచి తీసుకునే హక్కు పేషెంట్లకు ఉంది, అవి తెచ్చుకుంటారు, మీరు కొత్త ఫైలు తెరుస్తారు. ఫలానా తేదీ నుంచి సొంతంగా ప్రాక్టీస్ చేస్తున్నానని మీ పేజీలో అందరికీ కనపడేలా రాసుకోండి, తప్పు లేదు. డైట్ చార్టుల నమూనాలు మాత్రం కొత్తగా తయారు చేసుకోండి, ఎందుకంటే ఉద్యోగంలో భాగంగా తయారు చేసిన వాటి మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిదే అవుతుంది. ఆరేళ్లలో నేర్చుకున్న విద్య మీది, దాన్ని ఎవరూ అడగలేరు.

లైసెన్సుల దగ్గరకు వస్తే, డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకు వస్తారు, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోండి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) గుర్తింపుకు విలువ ఉంది గానీ అది ఈ రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. గదికి మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, క్లినిక్‌గా రిజిస్ట్రేషన్ కావాలా వద్దా అన్నది బోర్డు పెట్టక ముందే జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంత వరకు, సాధారణంగా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ప్రొటీన్ పొడులు, సప్లిమెంట్లు అమ్మాలంటే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు ఉండాలి. వాటితో షుగర్ పూర్తిగా పోతుందని ప్రకటన ఇచ్చారంటే 10 లక్షల వరకు జరిమానా పడవచ్చు. నా మాట వింటే మొదటి ఏడాది ఆ అమ్మకాల జోలికి అసలు పోకండి.

మీ వృత్తిలో అన్నిటికన్నా ప్రమాదకరమైంది వాట్సాప్‌లో చేయి జారి పంపే ఒక్క వాక్యం. 'రీడింగ్ బాగా తగ్గింది కదా, ఆ మాత్ర సగం వేసుకోండి.' మంచి మనసుతోనే రాస్తారు, కానీ మందు మార్చే అర్హత మీకు లేదు. హోమియో వైద్యుడు అల్లోపతి మందులు ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1996లో, అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని తేల్చింది. అదే తర్కం మీకూ వర్తింపజేస్తారు. 'ఈ రీడింగులు మీ డాక్టరుకు చూపించండి' అని రాయండి, ఆ మెసేజ్ దాచుకోండి.

ఫీజు ప్యాకేజీగా తీసుకుంటే మధ్యలో మానేసినవాళ్లకు ఎంత వెనక్కి ఇస్తారో రసీదు మీదే రాయండి. 'ఒకసారి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు' అన్న ముద్ర వేసుకుంటే వినియోగదారుల కమిషన్ దగ్గర నిలుస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి.

రాజీనామా ఈమెయిల్‌లో ఇవ్వండి, నోటీసు పీరియడ్ పూర్తి చేయండి. ఆ ఎక్సెల్ ఫైలును మాత్రం నా జవాబు చదవగానే భయపడి డిలీట్ చేయకండి, ఆసుపత్రి డేటాను చెరిపేయడం కూడా అదే సెక్షన్ 43 కిందకు వస్తుందని వాళ్లు వాదించవచ్చు. ముందు దాన్ని మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఆఫీసు మెయిల్‌లో పంపి, అందిందని జవాబు తెప్పించుకోండి. నా దగ్గరున్న కాపీ తీసేస్తున్నాను అని ఇంకో మెయిల్ పెట్టి, అప్పుడు ల్యాప్‌టాప్‌లోంచి, ఫోన్‌లోంచి తీసేయండి. ఆ రెండు మెయిళ్లూ ప్రింట్ తీసి రిలీవింగ్ లెటర్‌తో కలిపి దాచండి.