లిఫ్ట్ చేసిన (సస్పెన్షన్ ఎత్తు పెంచిన) ఆఫ్‌రోడ్ బండికి యాంటీ రోల్ బార్లు ఉంచాలా, తీసేయాలా?

తారు రోడ్డు మీద కూడా తిరిగే బండి అయితే ఉంచండి. ఎప్పుడూ రాళ్ల మీదే, నడక వేగంతో నడిపే బండికే తీసేసే ఆలోచన.

ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే స్ప్రింగు ఉక్కు కడ్డీయే ఈ బార్. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి ఒకటి దిగితే మెలిపడి ఎదురు తంతుంది. మలుపులో బాడీ ఒరగకుండా ఆపేది ఆ బిగువే. గుంతలో చక్రం కిందికి జారి నేలను అందుకోకుండా అడ్డుపడేదీ అదే.

లిఫ్ట్‌తో గరిమనాభి పైకి వెళ్తుంది, బండి మరింత ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడే బార్ పీకేయడం నాకు సుతరామూ నచ్చదు. ముఖ్యంగా ముందుది తీసి వెనకది ఉంచితే, మలుపులో ఒరుగుడును ఆపే భారం వెనక టైర్ల మీదికి మళ్లుతుంది. హఠాత్తుగా స్టీరింగ్ తిప్పితే వెనక భాగం జారిపోవచ్చు.

మంచి దారి డిస్‌కనెక్ట్ లింకులు, అంటే బార్ కొసలను సస్పెన్షన్‌కు కలిపే, సులువుగా విప్పగలిగే చిన్న కడ్డీలు: ట్రైల్ మొదట్లో విప్పి, రోడ్డెక్కే ముందు తగిలించుకోవడం. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో 2007 మోడల్ నుంచే ముందు బార్‌ను స్విచ్‌తో విడదీసే ఏర్పాటుంది. లింకులు లిఫ్ట్‌కు తగ్గ పొడవువి వేయించండి, పాతవాటితో బార్ కోణం చెడుతుంది. విప్పిన కొసలను పైకి కట్టేయండి. బార్ లేనప్పుడు చక్రం ఇంకా కిందికి దిగుతుంది కనుక, బ్రేక్ హోస్ (చక్రం దగ్గరి బ్రేక్‌కు ద్రవం తీసుకెళ్లే గొట్టం) అంత దూరం సాగుతుందో లేదో ముందే చూసుకోండి.