ఎలిప్సోమీటర్ లేకుండా పోరస్ సిలికాన్ వక్రీభవన గుణకం కొలవగలమా?

ప్రాజెక్టు చేస్తున్న ఎమ్మెస్సీ విద్యార్థి ఒకరు ఈ ప్రశ్న అడిగారు. పోరస్ సిలికాన్ అంటే సన్నని రంధ్రాలతో నిండిన సిలికాన్ పొర. వక్రీభవన గుణకం అంటే అందులో కాంతి వేగం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే అంకె, దాన్ని కొలిచే పరికరమే ఎలిప్సోమీటర్. కొలవగలం. రిఫ్లెక్టెన్స్ (ఏ రంగు కాంతి ఎంత తిరిగొస్తుందో) తీసే మామూలు స్పెక్ట్రోమీటర్ ఉంటే చాలు. అయితే నన్నడిగితే ఎలా కొలిచారన్నది తర్వాత సంగతి, ఎప్పుడు కొలిచారో ముందు చెప్పండి అంటాను.

అప్పుడు నేను గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. టెఫ్లాన్ సెల్‌లో వేఫర్ (పలుచని సిలికాన్ బిళ్ల) ముక్క బిగించి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఇథనాల్ పోసి కరెంటు పంపాను. అలా తొలిస్తే (ఎచింగ్) పైన రంధ్రాల పొర ఏర్పడుతుంది. కడిగి ఆరబెడితే నీళ్ల మీద కిరోసిన్ తెట్టులా రంగులు. స్పెక్ట్రమ్ తీస్తే వరసగా అలలు. పొర పైముఖం నుంచి కొంత, అడుగు నుంచి కొంత కాంతి తిరిగొచ్చి కలిస్తే వచ్చే ఫ్రింజ్‌లవి. పక్కపక్కనే ఉన్న రెండు శిఖరాలు 600, 660 నానోమీటర్ల దగ్గరున్నాయి. 1/600లోంచి 1/660 తీసేసి, వచ్చినదాన్ని తలకిందులు చేస్తే 6600. గుణకాన్ని మందంతో హెచ్చించి రెండింతలు చేస్తే వచ్చేది అదే. అడ్డంగా విరిచిన ముక్కను ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో చూస్తే మందం 2 మైక్రాన్లు. అంటే గుణకం 1.65. సంబరంగా నోట్‌బుక్‌లో రాసుకుని, సాంపిల్‌ని మామూలు పెట్రీ డిష్‌లో పడేసి, దసరాకి విజయవాడ వెళ్లిపోయాను.

పది రోజుల తర్వాత మా సార్ "ఒకసారి మళ్లీ తీసి చూపించు" అన్నారు. తీశాను. శిఖరాలు 582, 640 దగ్గర కూర్చున్నాయి! లెక్కేస్తే 1.61. "మందం తప్పు కొలిచావు, అమ్మవారి దర్శనం ధ్యాసలో ఉన్నట్టున్నావు" అని అందరి ముందూ అనేశారు. రెండు రోజులు నిద్ర లేదు. ల్యాంప్ మీద అనుమానం, కాంతిని మోసే ఫైబర్ మీద అనుమానం. ల్యాంప్ వేడెక్కి నిలకడగా వెలిగేసరికి కరెంటు పోయేది, మళ్లీ మొదటికి. చివరికి అదే వేఫర్‌లో ఇంకో ముక్క తీసుకుని, అంతే కరెంటుతో, అంతే సేపు కొత్త పొర చేశాను. మళ్లీ 1.65. దాన్ని రోజూ కొలుస్తూ పోతే శిఖరాలు నీలం వైపు, అంటే తక్కువ తరంగదైర్ఘ్యాల వైపు, జరుగుతూనే ఉన్నాయి.

మందం పాపం ఏమీ లేదు. తాజా పొర లోపలి గోడలన్నీ హైడ్రోజన్ కప్పుకుని ఉంటాయి. ఒక్క ఘన సెంటీమీటరులో వందల చదరపు మీటర్ల గోడ! గాలి, తేమ తగిలి అది మెల్లగా ఆక్సైడ్ అవుతుంది. ఈ తరంగదైర్ఘ్యాల దగ్గర సిలికాన్ గుణకం 3.9 దాకా ఉంటుంది, ఆక్సైడ్‌ది 1.46 మాత్రమే. ఇక పొర మొత్తం సగటు గుణకం దిగకుండా ఎలా ఉంటుంది? మన కృష్ణా తీరం తేమ సంగతి వేరే చెప్పాలా?

నా కోపమల్లా పేపర్ల మీద. గుణకం మూడు దశాంశాల దాకా వేస్తారు, సాంపిల్ వయసెంతో ఒక్క ముక్క రాయరు. 1990లో బ్రిటిష్ శాస్త్రవేత్త లీ కాన్‌హామ్ ఈ పొర ఎర్రగా వెలుగుతుందని చూపించాక అందరి చూపూ ఆ వెలుగు మీదే. ఫ్రింజ్‌లంటే లోకువ.

పోరోసిటీ (పొరలో ఖాళీ ఎంత శాతమో) కోసం తూకం వేసే పద్ధతీ ఉంది: ఎచింగ్‌కి ముందు, తర్వాత, క్షారంలో పొర కరిగించేశాక, మొత్తం మూడు తూకాలు. తేడాలు మిల్లీగ్రాముల్లోనే. ఫ్యాన్ తిరిగితే అంకె నిలవదు. మే నెలలో గుంటూరులో ఫ్యాన్ ఆపి తూకం వేసినవాడికే ఆ బాధ తెలుస్తుంది.

మీరైతే చేసిన రోజే కొలవండి, గంటతో సహా రాసుకోండి. పొర అంచుల్లో మందం వేరుగా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే చోట వెలుగు పడేలా వెనకవైపు గీత పెట్టుకోండి. మీద ఒక ఇథనాల్ చుక్క వేసి చూడండి. ఫ్రింజ్‌లు ఎరుపు వైపు జరిగి, ఆరగానే వెనక్కి వస్తే రంధ్రాలు తెరుచుకునే ఉన్నట్టు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో మాత్రం ఒంటరిగా పని చేయకండి, అది ఒంటి మీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకోండి.