"కాదు" అనే మనిషిని పక్కన పెట్టుకున్న చక్రవర్తి

ప్రశ్న: చైనా ప్రాచీన జ్ఞానంలో ఈ కాలపు లీడర్‌షిప్‌కి, సొంత ఎదుగుదలకి పనికొచ్చేది ఏమైనా ఉందా? ఎవరైనా నిజంగా ఆచరణలో పెట్టి చూశారా?

ఉంది. నేను పెట్టి చూశాను, ఇప్పటికీ పాటిస్తున్నాను. ఈ ప్రశ్నకి సాధారణంగా సున్ జు యుద్ధనీతి, లావోజి సూక్తులు, కన్ఫ్యూషియస్ మాటలు జవాబుగా వస్తాయి. నాకు పనికొచ్చింది మాత్రం వాళ్ల తర్వాత వెయ్యేళ్లకి జరిగిన వ్యవహారం. 7వ శతాబ్దంలో తాంగ్ వంశపు చక్రవర్తి తాయ్‌జోంగ్‌కీ, ఆయన మంత్రి వెయ్ జెంగ్‌కీ మధ్య నడిచిన కథ అది. వాళ్ల సంభాషణలని వూ జింగ్ అనే చరిత్రకారుడు 8వ శతాబ్దంలో ఒక గ్రంథంగా కూర్చాడు. రాజులు, మంత్రులు తరతరాలుగా దాన్ని పాఠంలా చదువుకున్నారు. నేను చదివింది ఇంగ్లీషులో, అక్కడో ముక్క ఇక్కడో ముక్క.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో, అంటే మందులకి కావలసిన అసలు రసాయనాలు తయారయ్యే చోట, ప్రొడక్షన్ చూస్తాను. రియాక్టర్లు (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలు), సాల్వెంట్లు (వాటిని కరిగించే ద్రవాలు), మూడు షిఫ్టులు, నెలాఖరు డిస్పాచ్ టెన్షన్. ఇలాంటి చోట నన్ను ఎక్కువ భయపెట్టేది ఒకటే: కింద ఆపరేటర్‌కి తెలిసిన విషయం పై దాకా రాకపోవడం. అందుకే ఈ కథ నాకు అంత పట్టింది.

626లో లీ షిమిన్ అనే రాజకుమారుడు రాజధాని చాంగాన్‌లో రాజభవనం ఉత్తర ద్వారం దగ్గర మాటు వేసి, యువరాజుగా ఉన్న సొంత అన్నని బాణంతో కొట్టి చంపాడు. ఒక తమ్ముడు కూడా అక్కడే చనిపోయాడు. రెండు నెలల్లో తండ్రి సింహాసనం వదిలేశాడు. ఆ రాజకుమారుడే తాయ్‌జోంగ్. చనిపోయిన అన్న దగ్గర వెయ్ జెంగ్ అనే సలహాదారు ఉండేవాడు. "మీ తమ్ముణ్ణి ముందే అడ్డు తొలగించుకోండి" అని యువరాజుకి చెప్పినవాడు. తాయ్‌జోంగ్ అతణ్ణి పిలిపించి, మా అన్నదమ్ముల మధ్య చిచ్చు ఎందుకు పెట్టావని నిలదీశాడు. చుట్టూ ఉన్నవాళ్లకి గుండెలు జారిపోయాయి. వెయ్ జెంగ్ మాత్రం తొణక్కుండా, "యువరాజు నా మాట విని ఉంటే ఆయనకి ఈ గతి పట్టేది కాదు" అన్నాడు. తాయ్‌జోంగ్ అతణ్ణి వదిలేయడమే కాదు, కొలువులోకి తీసుకుని, పాలకుడి పొరపాట్లు ఎత్తిచూపే పదవి ఇచ్చాడు. ఆ రోజుల్లో చైనా కొలువులో దానికోసమే అధికారులు ఉండేవారు.

ఇందులో మంచితనం కంటే భయం పాలు ఎక్కువని నా అభిప్రాయం. అంతకు ముందున్న సుయి వంశం తాయ్‌జోంగ్ కళ్ల ముందే కూలిపోయింది. ఆ వంశపు చక్రవర్తి కొరియా ప్రాంతంలోని గోగురియో రాజ్యం మీదికి 612, 613, 614లో వరసగా దండెత్తి దేశాన్ని గుల్ల చేశాడు. ఎదురు చెప్పేవాళ్లని సహించలేదు. చివరికి 618లో సొంత సైన్యాధికారుల చేతుల్లోనే చచ్చిపోయాడు. చుట్టూ తానా అంటే తందానా అనేవాళ్లే మిగిలితే ఏమవుతుందో తాయ్‌జోంగ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం సైన్యం కోసం మనుషుల్ని పట్టే విషయంలో జరిగింది. 18 ఏళ్లు నిండకపోయినా ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాళ్లని కూడా సైన్యంలోకి తీసుకుందామని ఒక మంత్రి సలహా ఇచ్చాడు. చక్రవర్తి సరేనన్నాడు. ఉత్తర్వు తయారైంది. దాని మీద వెయ్ జెంగ్ సంతకం కావాలి. పెట్టనన్నాడు. మళ్లీ పంపారు, మళ్లీ పెట్టనన్నాడు. అలా నాలుగు సార్ల దాకా తిరిగొచ్చింది. కోపంతో పిలిపించిన చక్రవర్తితో అతను రెండు మాటలు చెప్పాడు. చెరువు ఎండగట్టి పడితే ఈ ఏడాది చేపలు దొరుకుతాయి, వచ్చే ఏడాదికి ఏం మిగులుతాయి? అందర్నీ సైన్యంలోకి లాగేస్తే పన్నులు కట్టేదెవరు? రెండోది ఇంకా ఘాటైనది. "నమ్మకంతో పాలిస్తానని మీరే అంటారు. గద్దెనెక్కి ఎన్నాళ్లో కాలేదు, ఇప్పటికే కొన్నిసార్లు మాట తప్పారు" అని, పన్ను మాఫీ ప్రకటించి మళ్లీ వసూలు చేసిన సంగతి దగ్గర్నుంచి ఒక్కొక్కటే లెక్క చెప్పాడు. తాయ్‌జోంగ్ ఉత్తర్వు ఆపేశాడు. అతనికి బంగారు పాత్ర బహుమతిగా పంపాడు.

ఇక్కడ అందరూ వెయ్ జెంగ్ ధైర్యాన్నే మెచ్చుకుంటారు. నా కన్ను ఆ సంతకం మీద పడింది. తాంగ్ ప్రభుత్వంలో ఒక శాఖ ఉత్తర్వు రాసేది, రెండోది దాన్ని పరిశీలించేది, మూడోది అమలు చేసేది. రెండో శాఖకి నచ్చకపోతే ఉత్తర్వుని తిప్పి పంపే అధికారం ఉండేది. ఫార్మాలో పనిచేసేవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. ప్రొడక్షన్ బ్యాచ్ తయారు చేస్తుంది, క్యూఏ (నాణ్యత చూసే క్వాలిటీ అష్యూరెన్స్ విభాగం) సంతకం లేకుండా అది గేటు దాటదు, క్యూఏ మా ప్రొడక్షన్ కింద ఉండదు. నెలాఖరులో క్యూఏ వాళ్లు ఒక బ్యాచ్ రికార్డు వెనక్కి పంపితే మావాళ్లు విసుక్కుంటారు. ఈ కథ చదివాక మా టీమ్‌లో ఆ విసుగుని నేను సాగనివ్వను. ఆ డిపార్ట్‌మెంట్ ఉన్నది దానికే కదా.

అయితే సంతకం అధికారం ఉన్నవాడు సరే, అది లేని కెమిస్టు, హెల్పర్ సంగతేంటి? దీనికీ తాయ్‌జోంగ్ దగ్గర ఒక పద్ధతి కనిపించింది. ఆయన ముఖం చాలా గంభీరంగా ఉండేదట. ఎదుట నిలబడ్డ అధికారులు తడబడి, చెప్పాలనుకున్నది మర్చిపోయేవారట. ఆ సంగతి తెలిశాక, ఎవరైనా విన్నపంతో వస్తే ఆయన కావాలని ముఖం ప్రసన్నంగా పెట్టుకునేవాడు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎన్ని ట్రైనింగులకి వెళ్లినా నాకు ఎవరూ చెప్పనిది ఇది. పైవాడి ముఖం చూసే కింది వాళ్లు సగం మాట మింగేస్తారు.

విల్లుల కథ కూడా అలాంటిదే. తాయ్‌జోంగ్ దగ్గర మంచివని దాచుకున్న విల్లులు పదికి పైగా ఉండేవి. ఒకసారి విల్లులు చేసేవాడికి చూపిస్తే, ఇవేవీ మంచివి కావన్నాడు. కర్ర నడిభాగం నిటారుగా లేదు కాబట్టి దాని నార వంకరగా పోయిందని, విల్లు ఎంత బలంగా ఉన్నా బాణం తిన్నగా వెళ్లదని వివరించాడు. "విల్లుతోనే రాజ్యం గెలిచాను, దాని సంగతే నాకు పూర్తిగా తెలియలేదు, ఇక దేశం సంగతి ఏం తెలుస్తుంది" అనుకుని, అధికారులని వంతుల వారీగా భవనంలో ఉంచి జనం కష్టసుఖాలు అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాడు.

నేను చేసింది దీన్నే మా కొలతకి కుదించడం. ఉదయం షిఫ్టు మారేటప్పుడు జరిగే మీటింగులో మొదట మాట్లాడేది అందరికంటే జూనియర్. షిఫ్ట్ ఇన్‌చార్జి ఆఖరున మాట్లాడతాడు, నేను అతని తర్వాత. "ఏమైనా ప్రాబ్లమ్ ఉందా?" అని అడగను, అలా అడిగితే "ఏం లేదు సార్" అనే జవాబే వస్తుంది. "రాత్రి నువ్వు చూసినవాటిలో మామూలుగా లేనిది ఏంటి?" అని అడుగుతాను. మొదటి వారాల్లో అందరూ నేల చూపులే. తర్వాత ఒక నెలాఖరులో, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, ఆపరేటర్, మెల్లగా అన్నాడు: "సార్, ఆ రియాక్టర్ సీల్ పాట్‌లో లెవెల్ తగ్గుతోంది. పోశాం, మళ్లీ తగ్గింది." రియాక్టర్‌లో సరుకుని కలియదిప్పే అజిటేటర్ షాఫ్ట్ దగ్గర, లోపలిది బయటికి రాకుండా ఆపే మెకానికల్ సీల్ ఉంటుంది. దాన్ని చల్లగా, తడిగా ఉంచే ద్రవం ఆ సీల్ పాట్‌లో ఉంటుంది. అది ఊరికే తగ్గదు. లోపల సాల్వెంట్ ఉంది, బయట డిస్పాచ్ ఒత్తిడి ఉంది. ఇన్‌చార్జి ముఖం ముడుచుకుంది. ఆ రియాక్టర్‌లో తర్వాతి బ్యాచ్ ఎక్కించకుండా ఆపి మెయింటెనెన్స్ వాళ్లతో విప్పిస్తే సీల్ ముఖాలు అరిగిపోయి ఉన్నాయి. డిస్పాచ్ ఆలస్యమైంది, పైనుంచి నాకు ఫోన్లు వచ్చాయి, నేను జవాబు చెప్పుకున్నాను. ఆ కుర్రాడి పేరు మాత్రం మరుసటి ఉదయం మూడు షిఫ్టుల ముందూ చెప్పాను. బంగారు పాత్ర ఇచ్చే స్తోమత లేకపోయినా అది మన చేతిలో పనే. ఆ రోజు తర్వాతే మిగతావాళ్ల నోళ్లు తెరుచుకున్నాయి.

వినడం హాయిగా ఉంటుందని మాత్రం నేను చెప్పను. తాయ్‌జోంగ్‌కీ ఉండేది కాదు. ఒకరోజు కొలువు నుంచి ఊగిపోతూ వచ్చి, "ఆ పల్లెటూరి మొరటోణ్ణి ఎప్పటికైనా చంపేస్తాను" అన్నాడు. భార్య జాంగ్‌సున్ మహారాణి ఏమీ వాదించలేదు. లోపలికి వెళ్లి, కొలువులో పండుగలప్పుడు కట్టే బట్టలు కట్టుకొచ్చి నిలబడింది. ఇదేంటని అడిగితే, "ప్రభువు వివేకవంతుడైతే మంత్రి ముక్కుసూటిగా ఉంటాడని విన్నాను. వెయ్ జెంగ్ అలా ఉన్నాడంటే మీరు వివేకవంతులన్నమాట. అభినందించకుండా ఎలా ఉంటాను?" అంది. కోపం అక్కడే చల్లారింది. ఆఫీసులో పడ్డ మాటని ఇంటికి మోసుకొచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు "వాడికెంత పొగరు!" అని వంత పాడితే మర్నాడు ఆ మాట చెప్పినవాడి పని అయిపోతుంది. ఈ విషయంలో మా ఇంటావిడకి నేను చాలా రుణపడి ఉన్నాను.

సొంత ఎదుగుదల అని అడిగారు కదా, దానికి నేను దాచుకున్నది 638 నాటి ఒక సంభాషణ. నా పాలన మొదట్లో ఎలా ఉంది, ఇప్పుడెలా ఉందని తాయ్‌జోంగ్ అడిగాడు. వెయ్ జెంగ్ జవాబు ఇది: మొదట్లో ఎవరూ నోరు విప్పరేమోనని మీరే భయపడి, అడిగి మరీ చెప్పించుకునేవారు. కొన్నేళ్లకి, ఎవరైనా చెబితే సంతోషంగా వినేవారు. ఈ ఒకటి రెండేళ్లుగా కష్టం మీద వింటున్నారు, మనసులో మాత్రం మింగుడుపడటం లేదు.

మనం ఏ మెట్టు మీద ఉన్నామో చూసుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు. గమనించండి, మూడో మెట్టు మీద కూడా ఆయన వింటూనే ఉన్నాడు. బయటికి ఏ తేడా కనిపించదు. ప్రమోషన్ వచ్చి, జీతం పెరిగి, నాలుగు విజయాలు చూశాక మనలో చాలామందిమి అక్కడికే జారతాం. మరుసటి ఏడాది వెయ్ జెంగ్ పది విషయాల్లో చక్రవర్తి ఎలా వెనకబడుతున్నాడో రాసి ఇస్తే, ఆయన దాన్ని తెర మీద రాయించి పొద్దునా సాయంత్రం చదువుకునే ఏర్పాటు చేసుకున్నాడు.

అంత చేసినా సరిపోలేదు. 643లో వెయ్ జెంగ్ చనిపోయాడు. కంచు అద్దంలో బట్టలు సర్దుకోవచ్చు, చరిత్ర అద్దంలో రాజ్యాల ఎత్తుపల్లాలు చూడొచ్చు, మనిషి అద్దంలో మన మంచిచెడ్డలు తెలుస్తాయి, నేను ఒక అద్దం పోగొట్టుకున్నానని తాయ్‌జోంగ్ ఏడ్చాడు. ఎంతో కాలం గడవక ముందే, అతను సిఫార్సు చేసిన మనుషులు నేరాల్లో ఇరుక్కున్నారని అనుమానం పెంచుకుని అతని సమాధి శిలాఫలకాన్ని పడగొట్టించాడు. 645లో గోగురియో మీదికి తనే దండెత్తాడు, ఏ తప్పుతో సుయి వంశం పోయిందో అదే. గెలవలేక, చలికి సైనికుల్ని పోగొట్టుకుని తిరిగొచ్చి, "వెయ్ జెంగ్ బతికుంటే నన్ను వెళ్లనిచ్చేవాడు కాదు" అని ఆ ఫలకాన్ని మళ్లీ నిలబెట్టించాడు.

ఆ దండయాత్రకి ముందు, అదే ఏడాది, లుయోయాంగ్‌లో ఆయన్ని కలిసిన భిక్షువు మన హ్యుయెన్ త్సాంగ్. మన ధాన్యకటకం చూసి వెళ్లినవాడే. సన్యాసం వదిలి కొలువులో చేరమని చక్రవర్తి అడిగితే ఆయన కూడా సున్నితంగా కాదన్నాడు. చిన్నప్పుడు పాఠంలో చదివిన మనిషి ఈ కథలో అలా ఎదురవడం నాకు భలే సంతోషం కలిగించింది.

ఇక కింద ఉండి పైవాళ్లకి చెప్పాల్సినవాళ్ల సంగతి. వెయ్ జెంగ్ పద్ధతిలో ఆవేశం తక్కువ, లెక్క ఎక్కువ. చక్రవర్తి మాటలే చక్రవర్తికి గుర్తు చేసేవాడు, సుయి వంశం ఉదాహరణ ఎప్పుడూ చేతిలో ఉండేది. రాజుతో పోట్లాడి ప్రాణాలు పోగొట్టుకుని పేరు తెచ్చుకునే మంత్రిగా తనని చేయవద్దని, రాజూ తనూ ఇద్దరూ బాగుండే మంత్రిగా ఉండనివ్వమని ఆయన నేరుగా అడిగాడు కూడా. మన విదురుడూ చెప్పాడు, ధృతరాష్ట్రుడూ శ్రద్ధగా విన్నాడు, చేయలేదు అంతే.

"మా బాస్ తాయ్‌జోంగ్ కాదు కదా, ఏం చేయాలి?" అని నా దగ్గర పనిచేసే పిల్లలే అడుగుతుంటారు. వెయ్ జెంగ్‌కి కూడా మొదటి యజమాని తాయ్‌జోంగ్ కాదు. లీ మీ అనే తిరుగుబాటు నాయకుడికి పది వ్యూహాలు రాసిస్తే, బాగున్నాయన్నాడు గానీ ఒక్కటీ వాడలేదు. తర్వాత ఇంకో పక్షానికి బందీగా దొరికి అక్కడా పనిచేశాడు. ఆపైన యువరాజు, ఆయనా వినలేదు. వినే మనిషి దొరికేసరికి వెయ్ జెంగ్‌కి నలభై దాటి చాలా ఏళ్లయింది. ఉద్యోగం మారుతున్నామని చెప్పే కుర్రాళ్లకి నేనొక సలహా ఇస్తాను. ఇంటర్వ్యూ ఆఖర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు, కాబోయే మేనేజర్‌ని ఇలా అడగండి: "ఈ మధ్య మీ టీమ్‌లో ఎవరో చెప్పినందుకు మీరు మార్చుకున్న నిర్ణయం ఒకటి చెప్తారా?" ఒకరిద్దరు అడిగి చూశారు. జవాబు కోసం ఎంతసేపు తడుముకున్నారో చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోయిందన్నారు.