రాత్రి తాళం వేశాక తాళంచెవి ఎక్కడుంది?

ఈ నెల ఇంటి సంగతుల శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం తలుపులు, తాళాల గురించే. నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను, మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తు ఫ్లాటు. మెయిన్ డోర్ బయట ఇనప గ్రిల్ గేటు పెట్టించాం. పడుకునే ముందు గ్రిల్‌కి లోపలి నుంచి తాళంకప్ప వేసి, తాళంచెవి మావారు దిండు కింద పెట్టుకుంటారు. మా అత్తగారికి ఎనభై దాటాయి. మొన్న డాలస్ నుంచి వచ్చిన మా అబ్బాయి ఇది చూసి, లోపల ఇలా తాళం వేయడం అమెరికాలో రూల్‌కి విరుద్ధం అని గొడవ పెట్టాడు. దొంగల భయం వాడికేం తెలుసు అంటారు మావారు. మన దగ్గర అలాంటి రూల్ ఏమైనా ఉందా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: ఉందండీ. మీ అబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. భారత ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చిన జాతీయ భవన నిర్మాణ స్మృతి, మా ఇంజినీర్లు ఎన్‌బీసీ అంటారు, దాని నాలుగో భాగం మొత్తం అగ్నిప్రమాదాల్లో ప్రాణాలు కాపాడుకోవడం గురించే. బయటపడే దారిలోని తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని అందులో రాసి ఉంది. ఎన్‌బీసీ తనంతట తాను చట్టం కాదు, రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తీసుకున్న మేరకే దానికి బలం. మన ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు, 2017 అగ్నిరక్షణ విషయంలో దాన్నే పాటించమంటాయి. అయితే మీ ఫ్లాట్ లోపలికి వచ్చి రాత్రి ఏ తాళం వేశారో చూసే అధికారి ఎవరూ ఉండరు కాబట్టి, ఇది మీ ఇంట్లో మీరు అమలు చేసుకోవాల్సిందే.

అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇళ్ల కోడ్ ఐఆర్‌సీ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇంటికి కనీసం ఒక ముఖ్యద్వారం ఉండాలి, తెరిచినప్పుడు 32 అంగుళాల ఖాళీ దొరకాలి, తాళంచెవి గానీ ప్రత్యేకమైన తెలివి గానీ బలం గానీ అక్కర్లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలి. అందుకే రెండువైపులా తాళంచెవితో మాత్రమే తిరిగే డెడ్‌బోల్ట్ ఆ తలుపుకి పనికిరాదు. మీ అబ్బాయి ఉండే టెక్సాస్‌లో అయితే అద్దె ఇళ్ల బయటి తలుపులకి లోపలివైపు తాళంచెవి లేని గడియ పెట్టించడం యజమాని బాధ్యత అని చట్టమే చెబుతుంది.

రూల్ పక్కన పెట్టి ఆ రాత్రి ఎలా ఉంటుందో చూడండి. కరెంటు పోతుంది. పొగ ముందు పైకప్పు దగ్గర చేరి అక్కడి నుంచి కిందికి దిగుతుంది, నిలబడితే ఊపిరి ఆడదు కాబట్టి వంగి, పాకి వెళ్లాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వల్ల బుర్ర సరిగా పనిచేయదు, తెలిసిన దారి కూడా తోచదు. అలాంటి స్థితిలో దిండు కింద వెతికి, గ్రిల్ దాకా వచ్చి, చీకట్లో తాళంకప్ప బొక్క తడుముకుని తాళంచెవి దూర్చి తిప్పాలి. మీవారు ఊళ్లో లేని రాత్రి తాళంచెవి ఎక్కడుందో మీ అత్తగారికి తెలుసా? తెలిసినా ఆమె చేతులతో ఆ తాళం తిరుగుతుందా? ఈ రెండు ప్రశ్నలూ మీవారిని అడగండి, అమెరికా ప్రస్తావనే అక్కర్లేదు.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పోయారు. బాల్కనీ తలుపులు మూసి గడియ వేసి ఉండడంతో పొగలో చిక్కుకుపోయారు. అది సినిమా హాలు, మీది ఇల్లు, కానీ పొగకి ఆ తేడా లేదు. ప్రమాదం ఎప్పుడూ నిప్పే కానక్కర్లేదు కూడా. 2020 మే 7 తెల్లవారుజామున మన ఊళ్లోనే ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషవాయువు ఆర్.ఆర్.వెంకటాపురం వైపు కమ్మేసినప్పుడు జనం నిద్రలోంచి లేచి కట్టుబట్టలతో పరుగెత్తారు. వైజాగ్‌లో ఉన్నవాళ్లకి ఇంతకన్నా చెప్పాల్సిన పని లేదు.

దొంగల భయమూ నిజమే, దాన్ని కొట్టిపారేయను. కానీ బయటివాడి చెయ్యి అందనంతవరకు లోపలి గడియ వాడికి తాళంతో సమానమే. కాబట్టి చేయాల్సింది చెయ్యి అందకుండా చూడడం. వెల్డర్‌ని పిలిచి, గ్రిల్‌కి గడియ ఉన్నచోట చుట్టూ బయటి నుంచి చెయ్యి అందనంత మేర రేకు వేయించండి. తాళంకప్ప తీసేసి, బయట తాళంచెవితోనూ లోపల చేత్తో తిప్పే నాబ్‌తోనూ తెరుచుకునే లాక్ పెట్టించండి. తర్వాత అత్తగారి చేత లైటు ఆపేసి ఒకసారి తీయించి చూడండి, ఆమెకి కష్టమైతే ఆ లాక్ మార్చాల్సిందే. గ్రిల్ బయటికి తెరుచుకునేదైతే తెరిచినప్పుడు పక్క ఫ్లాటు వాళ్ల దారికీ మెట్లకీ అడ్డం రాకూడదు.

బాల్కనీ గ్రిల్ పూర్తిగా మూసేసి ఉంటే అందులో ఒక చిన్న తలుపు, మనిషి పట్టేంత, కోయించుకోండి. దానికీ లోపల గడియే, తాళం వద్దు.

ప్రశ్న: మా నాన్నగారు తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వాకింగ్‌కి వెళ్తూ మమ్మల్ని లేపడం ఇష్టం లేక బయట తాళం వేసుకుని వెళ్తారు. ఇందులో ఇబ్బంది ఉందా?
– అక్కయ్యపాలెం

జవాబు: చాలా ఉంది. ఆయన తిరిగొచ్చేదాకా మీరంతా లోపల బందీలే, ఆయన ప్రేమతో చేస్తున్నా సరే. మెయిన్ డోర్‌కి నైట్ లాచ్ పెట్టించండి. బయటికి వెళ్లి తలుపు లాగితే దానంతట అదే పడుతుంది, లోపల నాబ్ తిప్పితే తెరుచుకుంటుంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: కొన్ని మోడల్స్‌లో బయటి నుంచి తాళంచెవి ఇంకోసారి తిప్పితే లోపలి నాబ్ కూడా బిగుసుకుపోతుంది. ఇంట్లో మనుషులుండగా ఆ రెండో తిప్పు తిప్పొద్దని నాన్నగారికి చెప్పండి. పాత ఆల్‌డ్రాప్ గడియకి బయట తాళం తగిలించే అలవాటు మాత్రం ఈ రోజే మానేయాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో మేడ మీది తలుపుకి అసోసియేషన్ వాళ్లు తాళం వేశారు, బయటి కుర్రాళ్లు చేరి తాగుతున్నారట. రాత్రి పదిన్నరకి కింద మెట్ల గేటుకి కూడా గొలుసు తాళమే, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. మెట్ల ఫైర్ డోర్‌కేమో ఇటుక అడ్డం పెట్టి తెరిచే ఉంచుతారు.
– సీతమ్మధార

జవాబు: చేయాల్సింది సరిగ్గా తిరగేసి చేస్తున్నారు. మెట్ల ఫైర్ డోర్ ఎప్పుడూ మూసి ఉండాలి, తాళం మాత్రం ఉండకూడదు. మూసి ఉంటేనే పొగ మెట్లలోకి రాదు, మెట్లు పొగతో నిండితే పై అంతస్తుల వాళ్లకి దారి పోయినట్టే. ఇటుక తీసేసి, తలుపుని దానంతట అదే మూసే డోర్ క్లోజర్ పాడైతే బాగు చేయించండి.

కింది గేటుకి గొలుసు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బయటివాళ్లు రాకుండా ఉండాలి, లోపలివాళ్లు పోకుండా కాదు. లోపల చేత్తో తీసే లాక్ సరిపోతుంది. వాచ్‌మన్ టీకి వెళ్లొచ్చు, సెలవు పెట్టొచ్చు, ఆయనకే ఒంట్లో బాగోకపోవచ్చు. మేడ తలుపుకి మెట్లవైపు గడియ పెట్టి, తెరిస్తే మోగే చిన్న అలారం బిగించండి, లేదా తోస్తే తెరుచుకునే పానిక్ బార్ వేయించండి. తాగేవాళ్ల గొడవకి కెమెరా పెట్టుకోవచ్చు. ఈ మూడూ వచ్చే జనరల్ బాడీ మీటింగ్ మినిట్స్‌లో రాయించండి, నోటిమాటగా వదలొద్దు. నివాస భవనం 18 మీటర్ల ఎత్తు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. మీది అంతకంటే చిన్నదైనా పొగ ఊరుకోదు కాబట్టి ఇవన్నీ మీకూ వర్తిస్తాయనే అనుకోండి.

ప్రశ్న: రుషికొండ దగ్గర కొత్త ఇల్లు. డిజిటల్ లాక్ మంచిదేనా? హుద్‌హుద్ లాంటి తుఫానులో కరెంటు లేకపోతే?
– ఎండాడ

జవాబు: ఇళ్లలో వాడేవి ఎక్కువగా బ్యాటరీలతోనే నడుస్తాయి కాబట్టి కరెంటు పోయినంత మాత్రాన ఆగవు. 2014 అక్టోబర్ తుఫాను చూశాక మీకా టెన్షన్ ఉండడం సహజమే. షాపులో బ్యాటరీలు తీయించి, లోపలి హ్యాండిల్ ఒక్కటి నొక్కితే తలుపు తెరుచుకుంటుందో లేదో మీ కళ్లముందే చూపించమనండి. తెరుచుకోకపోతే కొనొద్దు. అసలు మీ దగ్గర పెద్ద శత్రువు సముద్రపు ఉప్పుగాలి, గడియలు తుప్పుపట్టి సరిగ్గా అవసరమైన రోజే కదలవు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 కంటే 316 రకం ఉప్పుకి బాగా తట్టుకుంటుంది, ఖరీదు ఎక్కువైనా అదే తీసుకోండి. తాళం బొక్కలో కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి గట్టిపడుతుంది, గ్రాఫైట్ పొడి వేయండి. వాడని వెనక తలుపు గడియ కూడా వారానికోసారి తీసి వేస్తూ ఉండండి.