పాత ఫ్రిజ్‌లో లాగర్ బీర్ అవుద్దా అన్నారు కదా

మీది పాలకొల్లు, ఇంట్లో పాత ఫ్రిజ్ ఖాళీగా పడుంది, మొదటిసారి లాగర్ చేద్దామనుకుంటున్నా, మన వేడికి అవుద్దా అని అడిగారు. ఫ్రిజ్ ఉంటే అవుద్దండి, కానీ ఇక్కడ చెయ్యకండి. ఆంధ్రాలో 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారుచేస్తే నేరమే, మేం తాగడానికే కదా అంటే కుదరదు. నేను చేసింది ఒహాయోలో ఉన్నప్పుడు, అమెరికాలో 1978లో చట్టం మార్చి ఇంటి వాడకానికి బీర్ చేసుకోనిచ్చారు. మీరూ అలాంటి చోటికి వెళ్తే పనికొస్తుందని రాస్తున్నా.

ఫోన్లో చెప్తే మా నాన్న ఏమన్నారంటే, "మన రొయ్యల చెరువుకి తవుడు, బెల్లం, ఈస్టు డ్రమ్ములో పులియబెట్టట్లేదేంట్రా, రాత్రి కలిపితే పొద్దున్నకి పొంగుద్ది, నీకు రెణ్ణెల్లెందుకు?" అదేనండి తేడా అంతా. మన డ్రమ్ముకీ తాటికల్లుకీ 30 డిగ్రీల వేడే బలం, పొద్దున్న దింపినప్పుడు తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పుల్లబడిపోద్ది, అందుకే నీరా (పులియని తియ్యటి రసం) కావాలంటే ముంత లోపల సున్నం పూస్తారు. లాగర్ ఈస్ట్ చలిలో పనిచేసే రకం, 10 నుంచి 13 డిగ్రీల్లో నింపాదిగా పనిచేసుకుంటది. వేడిలో వేశారో, పళ్ల వాసన కొడుతుంది. జర్మన్‌లో లాగర్న్ అంటేనే నిల్వ పెట్టడం.

నేను 20 లీటర్లకి 4.5 కేజీల పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) 66 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టి, వడకట్టి, సాజ్ హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) వేసి గంటన్నర మరిగించా. మూత పెట్టకండి, పెడితే ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన అందులోనే ఉండిపోద్ది. చల్లార్చాక తగిలే ప్రతి గిన్నే గొట్టం శానిటైజ్ చెయ్యాలి, ఇది మీకు తెలిసే ఉంటుంది. ఈస్ట్ మాత్రం 34/70 అనే డ్రై రకం రెండు ప్యాకెట్లు వెయ్యండి, చలిలో అది నెమ్మదిగా పెరుగుద్ది కాబట్టి ఒకటి సరిపోదు.

ఫ్రిజ్‌కి టెంపరేచర్ కంట్రోలర్ పెట్టా కానీ దాని ప్రోబ్‌ని (వేడి కొలిచే తీగ) గాల్లో వేలాడదీశా, కంప్రెసర్ మాటిమాటికీ ఆన్ ఆఫ్, లోపల బీర్ మాత్రం పులుస్తూ తన వేడి తను పుట్టించుకుంటూనే ఉంది. తర్వాత ప్రోబ్‌ని బీర్ ఉన్న బకెట్ పక్కకి ఆనించి, పైన మడతపెట్టిన సాక్సు పెట్టి టేప్ వేస్తే దారికొచ్చింది. నాలుగోరోజు కుళ్లిన గుడ్డు వాసన, మా ఆవిడ అయితే డ్రైనేజ్ పైపు పగిలిందనుకుని బాత్రూం అంతా వెతికేసింది. అది గంధకం వాసనండి, లాగర్‌కి మామూలే, నిల్వలో పోద్ది.

అసలు తప్పు ఆ తర్వాత చేశా. హైడ్రోమీటర్ (చక్కెర ఎంత మిగిలిందో చూసే పరికరం) రీడింగ్ 1.048 నుంచి 1.012కి దిగింది, ఇంకేముంది అయిపోయిందని అదే రోజు 1 డిగ్రీకి దింపేశా. ఐదు వారాలాగి ఓపెన్ చేస్తే గ్లాసు నిండా బటర్ పాప్‌కార్న్ వాసన! దాన్ని డయాసిటైల్ అంటారు, ఈస్టే వదులుద్ది, చివర్లో కాస్త వెచ్చబెడితే ఈస్టే మళ్ళీ తినేస్తది, నేను ఆ టైమే ఇవ్వలేదు దానికి. రెండోసారి 1.018 దగ్గరున్నప్పుడే 17 డిగ్రీలకి పెంచి మూడు రోజులు ఉంచా. తర్వాత రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం తీసి, ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు పెట్టి చల్లార్చి రెండూ వాసన చూశా, దాగున్న వెన్న వాసన ఉంటే ఆ వేడికి బయటపడుద్ది, రెండిట్లోనూ వెన్న వాసన లేదు, అప్పుడే 1 డిగ్రీకి దింపా. ఈ పరీక్ష మాత్రం మానకండి.

మొదటి 20 లీటర్లు పారబొయ్యబుద్ధి కాలేదు. చాలావరకు మా ఆవిడ మిరపకాయ బజ్జీల పిండిలో కలిపేసింది, అవి మాత్రం కరకరలాడుతూ భలే వచ్చాయి.