ఆ ఒక్క మాట నోటీసులో రానివ్వకండి

ప్రశ్న: మేడమ్, నాకు 33 ఏళ్లు. మియాపూర్‌లో నేనూ, నాతో పనిచేసే ఒకతనూ ఆరేళ్లుగా కలిసి ఉంటున్నాం. ఇద్దరికీ పెళ్లి కాలేదు. రెండేళ్ల తొమ్మిది నెలల క్రితం ఫ్లాట్ తీసుకున్నాం. అతని జీతం ఎక్కువని లోనూ, రిజిస్ట్రేషనూ అతని పేరు మీదే పెట్టాం. నా పీఎఫ్ తీసి, అమ్మ ఇచ్చిన గాజులు అమ్మి, 9 లక్షలు అతని ఖాతాలో వేశాను. ‘అప్పే అనుకో, ఇచ్చేస్తా’ అని అప్పట్లో వాట్సాప్‌లో పెట్టాడు. ఈఎంఐకి నెలనెలా 18 వేలు ఫోన్‌పే చేస్తున్నాను. ఇప్పుడు వాళ్లింట్లో సంబంధం కుదిర్చారట, నెలాఖరుకి నన్ను ఖాళీ చేయమంటున్నాడు. అతని పేరు మీద నేను కొన్నట్టే కదా? సగం వాటా రాదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: ‘అతని పేరు మీద నేను కొన్నట్టే’ అన్నారే, ఆ మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీశానమ్మా. మీ ఫ్రెండ్స్‌తో అంటే అనండి గానీ, లాయర్ నోటీసులో మాత్రం రానివ్వకండి. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఆస్తి కొని, దాన్ని డబ్బు పెట్టినవాళ్ల కోసమే ఉంచితే అది బినామీ. భార్యాభర్తలకైతే 1988 నాటి బినామీ చట్టంలో మినహాయింపు ఉంది, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలి అంతే. పెళ్లి లేకుండా కలిసి ఉన్నవాళ్లు ఆ మినహాయింపులో లేరు. అసలు ఓనరు నేనేనంటూ దావా వేయడానికి ఆ చట్టం ఒప్పుకోదు. పైగా ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు, ఏడేళ్ల దాకా జైలు కూడా ఉంది.

అదృష్టం కొద్దీ, జరిగిందేమిటో అతనే రాసిపెట్టాడు: అప్పు. మీరూ అదే చెప్పండి. కాకపోతే అప్పు దావాకి మూడేళ్లే గడువు, అదీ డబ్బు ఇచ్చిన రోజు నుంచి. అంటే మీకు మిగిలింది మూడు నెలలు. ఈలోపు అతను ‘ఇంత బాకీ ఉన్నాను’ అని కాగితం మీద తారీకు వేసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. వాట్సాప్ మెసేజ్ సాక్ష్యానికి పనికొస్తుంది గానీ, గడువు పొడిగించుకోవడానికి దాన్ని నమ్ముకోకండి. సంతకం పెట్టనంటే ఆగకుండా దావా వేయండి. గాజులు అమ్మిన బిల్లు, పీఎఫ్ తీసిన కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక ఫైల్లో పెట్టుకోండి.

18 వేల సంగతి మాత్రం కష్టమే. మీరూ ఉన్న ఇల్లే కాబట్టి, అది ఇంటిఖర్చులో ఆమె వాటా అంటాడు. నేను అవతలి లాయర్నైనా అదే అంటాను.

ఇక ఇల్లు. దయచేసి కోపంలో సూట్‌కేసు సర్దుకుని బయటికి రాకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పు అదే. 2005 గృహహింస చట్టం ‘పెళ్లి లాంటి బంధం’లో ఉన్న స్త్రీకి, ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, అందులో ఉండే హక్కు ఇచ్చింది. మెడపట్టి గెంటడానికి వీల్లేదు. ఏది పెళ్లి లాంటి బంధమో సుప్రీంకోర్టు 2010లో వేలుసామి కేసులో చెప్పింది: ఇద్దరికీ పెళ్లి వయసు ఉండాలి, పెళ్లికి అడ్డేమీ ఉండకూడదు, ఇష్టపడి చాలాకాలం కలిసి ఉండాలి, నలుగురిలో భార్యాభర్తల్లా మెలగాలి. మొదటి మూడింటికీ మీకు ఇబ్బంది లేదు. నాలుగోదానికే రుజువు కావాలి. గృహప్రవేశం నాడు పీటల మీద ఇద్దరూ కూర్చున్నారా? ఆ ఫొటో వెతికి ఉంచండి. అసోసియేషన్ రిజిస్టర్‌లో దంపతులని రాసి ఉంటే దాని కాపీ కూడా.

వీటితో మేజిస్ట్రేట్ కోర్టులో డీవీసీ, అంటే గృహహింస కేసు, వేస్తే, మిమ్మల్ని వెళ్లగొట్టకుండానే కాదు, కేసు తేలేదాకా ఫ్లాట్ అమ్మకుండా కూడా ఉత్తర్వు అడగొచ్చు. అతను బేరానికి దిగేది అప్పుడే. అయితే అది ఉండే హక్కు మాత్రమే, ఫ్లాట్‌లో వాటా కాదు. ఫీజుకి ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

ప్రశ్న: మేము విడిపోయాం. ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉంది. నేను 30 లక్షలు పెట్టాను, ఆమె 10 పెట్టింది. సగం అడుగుతోంది. ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు సేల్ డీడ్ తీసి చూడండి. వాటాలు అందులో రాసి ఉంటే అదే లెక్క. రాయకపోతే, ఆస్తి బదలాయింపు చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరు ఎంత పెడితే అంత, అంటే మీకు ముప్పాతిక, ఆమెకి పావు. కానీ 30 లక్షలు మీరే పెట్టినట్టు చూపించలేకపోతే చట్టం చెరిసగం అనుకుంటుంది. నగదు ఎంత ఇచ్చారో మీరు రాయలేదు. దానికి రుజువు ఉంటుందా అని అనుమానంగానే ఉంది.